అడుగు పొరలో అక్క

ఏడవ భాగం

కిందటివారం మీరు నన్ను ఎక్కడ వదిలి వెళ్ళారో నేనింకా అక్కడే కూర్చుని ఉన్నాను. కళ్ళజోళ్ళ దుకాణం మీది మేడలో, మూడు బల్లల ఆఫీసులో, కిటికీ పక్క బల్ల నాది. గురువారం, పొద్దున్న పదిన్నర. ఎదురుగా తెర మీద మా అక్క నవ్వుతోంది. అక్క పోయి ఆరేళ్ళయింది.

కొత్తగా వచ్చినవారికి నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవారు ఓపిక పట్టండి. దుకాణాలవాళ్ళకి సోషల్ మీడియా పోస్టులు తయారుచేసే డిజైనర్ని నేను. కింది దుకాణం కళ్ళజోళ్ళాయన కోసం ప్రతి గురువారం ఒక పోస్టు పెడతాం. ఒక మొహం, ఒక ఫ్రేము, ఒక మాట. ఆ వారం ఫోటో చేతికొచ్చేదాకా ఆ చోటు ఖాళీగా ఉంటే పని సాగదు కనుక, ఈ వృత్తిలో అందరూ ఏదో ఒక ఉత్తుత్తి మొహం పెట్టుకుని పని మొదలుపెడతారు. నేను అక్క మొహం పెట్టుకున్నాను. అసలు ఫోటో వచ్చాక దాన్ని పై పొరగా పరిచేదాన్ని. అడుగు పొరని మాత్రం ఏనాడూ చెరపలేదు. ఆ లెక్కన ఆరేళ్ళుగా ఆ పేజీలో నవ్విన ప్రతి మొహం కిందా మా అక్క ఉంది. ఈ గురువారం పై పొర కనపడకుండా ఆర్పేసి ఉన్న సంగతి చూసుకోకుండా పోస్టు పంపేశాను. పదిగంటలకల్లా ఊరంతా అక్కని చూసింది.

పది ఇరవైకి, పేరు చోట టీ కెటిల్ బొమ్మ పెట్టుకున్న ఎవరో కింద ఇలా రాశారు: "ఈవిడ మా వీధిలో బోర్డులు రాస్తారు. ఎడమ కనుబొమ్మ మీది మచ్చ తీసేశారు గానీ, ఆవిడే."

కథ అక్కడ ఆగింది.

మచ్చ తీసింది నేనే. బియ్యపుగింజంత మచ్చ. పక్కనున్న చర్మం తెచ్చి దాని మీద కప్పి, అతుకు తెలియకుండా రుద్ది, కనుబొమ్మ వెంట్రుకలు ఒక్కొక్కటే గీశాను. ఆ పని ఎంత శుభ్రంగా ఉందంటే, ఒక్కోసారి నాకే ఆ మచ్చ ఏ పక్కన ఉండేదో గుర్తుకి వచ్చేది కాదు. పోస్టు మాత్రమే చూసినవాళ్ళకి అక్కడ మచ్చ ఉండేదని తెలిసే దారే లేదు.

వెంటనే ఆ కెటిల్‌కి రాశాను. "మీరెవరండీ? ఏ ఊరు? ఆవిణ్ణి ఎప్పుడు చూశారు?" సందేశం చేరింది. జవాబు లేదు.

ఇక్కడ నా మీద నాకే ఉన్న అనుమానం కూడా చెప్పాలి. మొహాలని తెలిసిన మొహాల్లా కనిపించేలా చేయడం నా పని. జనం ఫోన్లో వేలితో తోసుకుంటూ పోతుంటారు. ఒక బొమ్మ ముందు వేలు ఆగాలంటే సెకను కంటే ఎక్కువ టైం ఉండదు. ఆ సెకనులో బొమ్మలోని కళ్ళు చూసేవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడాలి, వెలుగు ఒక పక్కనుంచే పడాలి, మాట చెవి దగ్గర చెప్పినట్టు చిన్నదిగా ఉండాలి. కళ్ళజోళ్ళాయన అల్లుడు ఒకసారి "దీనికి జీతం ఇచ్చి మనిషెందుకు, ఫోన్లో ఐదు నిమిషాల పని" అని ఏడు రంగులతో, తొమ్మిది రకాల అక్షరాలతో ఒక పోస్టు చేసి పెట్టాడు. పదకొండు మందికి నచ్చింది. అందులో తొమ్మిదిమంది వాళ్ళ ఇంటివాళ్ళు.

అక్క పోస్టు అరగంటలో తొమ్మిది వేలమందికి చేరింది. అక్క జన్మలో కళ్ళజోడు పెట్టుకోలేదు. ఆ నల్ల ఫ్రేము నేను పెట్టిందే. చెంప మీద ఫ్రేము నీడ నేను వేసిందే. అద్దంలో కిటికీ మెరుపు కూడా నాదే. కింద వందల కామెంట్లు. "ఈమెని ఎక్కడో చూశాను" అని ఒకరు. "మా బస్సులో వస్తుంది" అని ఒకరు. "మా చిన్నప్పటి టీచరమ్మ కదూ" అని ఇంకొకరు. ఇవన్నీ నా పనితనానికి వచ్చిన మెప్పులని నాకు తెలుసు. బాగా చేసిన మొహం అందరికీ బంధువే. కానీ వాళ్ళెవరూ మచ్చ మాట ఎత్తలేదు.

మా పక్కింటావిడ మాత్రం వచ్చి, "అయ్యో, ఈ పిల్ల లాంచీ మునిగి చచ్చిపోయింది కదా!" అని రాసి, ఏడుపు బొమ్మలు మూడు పెట్టింది.

దాంతో కొంప అంటుకుంది.

మా అర్జంటు సారు తన గాజుగదిలోంచి బయటకి వచ్చారు. ప్రతి కాగితం మీదా 'అర్జంట్' అని రాస్తారు కనుక ఆయనకా పేరు. ఒక చేతిలో ఫోను, అందులో కళ్ళజోళ్ళాయన గొంతు. ఆ గొంతు ఎలాగూ నేలలోంచి కూడా వినిపిస్తూనే ఉంది.

"చచ్చిపోయిన మనిషి పెట్టుకున్న కళ్ళజోడు ఎవరు కొంటారండీ? నా దుకాణమా, దయ్యాల కొంపా?"

సారు ఫోను పెట్టేసి నా బల్ల ముందు నిలబడ్డారు. ఒక కన్ను నా మీద, ఇంకో కన్ను పెరుగుతున్న అంకెల మీద.

"ఇంతమందికి మన పోస్టు ఎప్పుడూ చేరలేదమ్మా. అది నిజమే," అన్నారు. "కానీ ఆయన ఊరుకోవట్లేదు. తీసెయ్."

"కాసేపు ఆగండి సార్."

"ఎందుకు ఆగాలి?"

ఏమని చెప్పను? చచ్చిపోయిన అక్క బోర్డులు రాస్తోందట సార్, కెటిల్ చెప్పింది, అననా? మింగలేక కక్కలేక కూర్చున్నాను. పోస్టు తీసేస్తే దాని కిందున్న కామెంట్లన్నీ పోతాయి. ఆ కెటిల్ మనిషికి కోపమో భయమో వేసి మాయమైతే నేను ఏ వీధిలో వెతకను? ఈ లోకంలో అక్కకీ నాకూ మధ్య మిగిలినది ఆ ఒక్క కామెంటు.

"పన్నెండు దాకా టైం ఇవ్వండి," అన్నాను.

సారు గడియారం చూశారు. పదకొండు కావస్తోంది. "పన్నెండుకి నువ్వు తీయకపోతే నేను తీస్తాను. పాస్‌వర్డు నాకూ తెలుసు," అని గాజుగదిలోకి వెళ్ళిపోయారు. అద్దంలోంచి నన్ను చూస్తూ కూర్చున్నారు.

పదకొండూ పదికి మెట్ల మీద చప్పుడైంది. బావ వచ్చాడు.

బావ అంటే అక్క మొగుడు. కార్లు నడపడం నేర్పే మాస్టారు. ఇరవై ఏళ్ళుగా నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని తన కాలి కిందున్న బ్రేకు తొక్కీ తొక్కీ, ఎక్కడ కూర్చున్నా కుడికాలు నేలకేసి నొక్కడం ఆయనకి అలవాటైపోయింది. అక్క పోయాక వాళ్ళిద్దరూ ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికొచ్చేశాడు. అమ్మకి మందులు తెచ్చేది, అమ్మ కళ్ళకి చుక్కలు వేసేది, అమ్మ చెప్పిన కథే మళ్ళీ చెబుతుంటే కొత్తగా వింటున్నట్టు "ఊఁ" కొట్టేది ఆయనే. మా అమ్మని కన్నకొడుకులా చూసుకుంటాడు అంటే తక్కువ చెప్పినట్టే. అందుకే ఈ కథలో ఇకముందు రాయబోయేది రాయడానికి నాకు చేయి రావడం లేదు.

ఆయన నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తెర వంక చూడలేదు.

"మా దగ్గర నేర్చుకునే అమ్మాయి చూపించింది. బండి నడుపుతూ," అన్నాడు. "తీసెయ్ అది."

"తప్పు జరిగింది బావా. పై పొర చూసుకోలేదు."

"సరే. జరిగింది. తీసెయ్. అమ్మ చూస్తే తట్టుకోలేదు."

"అమ్మకి ఈ ఫోన్లూ పేజీలూ తెలియవు."

"పక్కింటావిడకి తెలుసుగా! ఈపాటికి గోడ మీంచి చెప్పేసి ఉంటుంది."

అది నిజమే. పక్కింటావిడ నోట్లో నువ్వుగింజ నానదు. కానీ ఆయన మొహంలో ఉన్నది అమ్మ గురించిన భయం కాదని నాకనిపించింది. మొహాలు చూసి బతికేదాన్ని. వెలుగు ఎటునుంచి పడుతోందో చూడకుండా ఉండలేను.

"ఒక కామెంటు వచ్చింది బావా. చదువుతాను విను."

"వద్దు."

"ఇంకా ఏం కామెంటో చెప్పలేదు నేను."

బావ కుడికాలు నేలని నొక్కింది. గట్టిగా.

"చూశావు నువ్వు," అన్నాను. "ఆ మచ్చ సంగతి చదివే వచ్చావు."

"ఎవడో పాతకాలంలో తెలిసినవాడై ఉంటాడు. ఆరేళ్ళ కిందటి సంగతి ఇప్పుడు రాసి ఉంటాడు. ఇలాంటివి నమ్ముతారా? చదువుకున్నదానివి."

"'బోర్డులు రాస్తారు' అన్నాడు. 'రాసేవారు' అనలేదు."

"నీ పిచ్చి!"

పిచ్చే. ఒప్పుకుంటాను. ఆ పిచ్చి ఎక్కడ మొదలైందో కూడా చెబుతాను. మా అక్క కుంచెతో దుకాణాల బోర్డులు రాసేది. నాకు తొమ్మిదేళ్ళప్పటినుంచీ రంగుడబ్బాలు మోసుకుంటూ వెంట వెళ్ళేదాన్ని. నేనివాళ కంప్యూటరు మీద చేసేదంతా అక్క నిచ్చెన మీద నేర్పిందే. "అక్షరాల మధ్య గాలి ఆడాలే. ఇరుకింట్లో పడుకున్నట్టు ఉండకూడదు," అనేది. ముందు సుద్దతో అంతా గీసుకుని, రంగు మాత్రం చివరి అక్షరంతో మొదలుపెట్టేది, వెనకనుంచి ముందుకి. అలా రాసేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు. "అందరూ మొదట్లో దర్జాగా రాసి చివర్లో ఇరుక్కుంటారు. నేను చివర చూసుకునే మొదలెడతా," అనేది. సున్నాలు మాత్రం తను వేసేది కాదు. సుద్దగీతలోనే వదిలేసేది. అవి నింపడం నా పని. అందుకే నన్ను 'సున్నా' అని పిలిచేది. ఇంటి నాలుగ్గోడల మధ్యే ఆ పిలుపు. బయటివాళ్ళ ముందు పిలిస్తే నేను ఏడ్చేదాన్ని.

ఆ మచ్చ కూడా నా వల్లే. పదేళ్ళప్పుడు ఏదో అలిగి, అక్క పైనుండగా నిచ్చెన లాగాను. కనుబొమ్మ చీలి రక్తం కారుతుంటే, అమ్మతో "నేనే జారాను" అని చెప్పింది. అన్ని మొహాలనీ శుభ్రం చేసినట్టే అక్క మొహాన్నీ శుభ్రం చేశానని ఆరేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. నా తప్పు నాకు కనపడకూడదని చెరిపాను.

"బావా, ఒకటి అడుగుతాను. ఆ రోజు ఆసుపత్రిలో అక్కని ఎలా గుర్తుపట్టావు?"

ఆయన స్టూలు కాస్త వెనక్కి జరిపాడు.

లాంచీ మునిగిన మూడోరోజు. నీళ్ళలోంచి తీసినవాళ్ళని వరసగా పడుకోబెట్టారు. మొహాలు చూడొద్దని అక్కడివాళ్ళు చెప్పారు. నన్నూ అమ్మనీ బయట బెంచీ మీద కూర్చోబెట్టి, బావ ఒక్కడే లోపలికి వెళ్ళాడు. పదినిమిషాల తర్వాత వచ్చి తల ఊపాడు. ఆ తల ఊపుతోనే మా ఇంట్లో వెతకడం ఆగింది, ఏడవడం మొదలైంది. అక్క రంగుల పెట్టె కూడా లాంచీతో పాటే మునిగిపోయిందన్నారు.

"గుర్తుపట్టలేదు," అన్నాడు బావ.

గాజుగదిలో సారు ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నారు. కింద దుకాణంలో ఎవరో అద్దాల బీరువా మూశారు. నాకు అన్నీ వినిపించాయి.

"ఏమన్నావు?"

"గుర్తుపట్టలేదే. ఎవరో ఆవిడ. అక్కంత పొడుగే. మొహం..." చేత్తో తన మొహం ముందు గాలిని తుడిచాడు. "దుప్పటి ఎత్తారు. చూశాను. కాదనిపించింది. అవునేమో అనిపించింది. బయట మీ అమ్మ మూడురోజులుగా వచ్చేపోయే ప్రతివాడి కాళ్ళమీదా పడుతోంది. మా పిల్లని చూశారా, మా పిల్లని చూశారా అని. ఇంకొక్క రోజు అలా సాగితే ఆవిడ కూడా పోయేది. తల ఊపాను."

"అక్క లాంచీ ఎక్కలేదా?"

"నాకు తెలీదు."

"నువ్వే కదా చెప్పావు ఎక్కిందని!"

"ఆ పొద్దున నేను లేచేసరికి ఇంట్లో లేదు. రంగుల పెట్టె లేదు. ముందు రోజు మాటా మాటా అనుకున్నాం. మధ్యాహ్నం లాంచీ మునిగిందని రేడియోలో వచ్చింది. అవతలి ఒడ్డున ఏదో బోర్డు పని ఉందని ఎప్పుడో అన్నట్టు గుర్తు. ఎక్కిందేమో అనుకున్నాను. సాయంత్రానికి ఎక్కిందనుకుంటా అన్నాను. మర్నాటికి ఎక్కింది అన్నాను." స్టూలు అంచు పట్టుకున్నాడు. "వదిలేసి పోయింది అని చెప్పడం కంటే పోయింది అని చెప్పడం తేలికైందే నాకు."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అమ్మ చేయి గుర్తొచ్చింది. ఆ రోజు అమ్మ ఆ దుప్పటి మీదనుంచే తల ఎక్కడుందో తడుముకుని, "పడుకో తల్లీ, పడుకో," అని నిమిరింది. గంటసేపు నిమిరింది. ఎవరి తల అది? ఆవిడకి ఒక చెల్లెలు ఉండి ఉండదా? ఆవిడ తల్లి ఏ ఊళ్ళోనో ఇవాళ్టికీ తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి కూర్చోవడం లేదా? అక్క దయ్యమై ఈ తెరలో తిరుగుతోందనుకున్నాను ఇన్నాళ్ళూ. మా ఇంటిని పట్టుకున్నది వేరే ఆవిడ. ఆరేళ్ళుగా మేము ఆవిణ్ణి అక్క పేరుతో పిలిచి ఏడుస్తున్నాం.

"ఆరేళ్ళు," అన్నాను. "ఆరేళ్ళు అమ్మ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు."

"తిన్నాను. ఒక్క ముద్ద సహించలేదు."

"అక్కని వెతికావా?"

"మొదటి ఏడాది వెతికాను. మీకు చెప్పకుండా. తర్వాత దొరుకుతుందేమోనని భయం వేసి మానేశాను."

ఈ మాట నాకు అర్థమైంది. అదే బాధ. బావని అసహ్యించుకోవాలని ఎంత చూసినా, ఆయన కుడికాలు మళ్ళీ మళ్ళీ నేలని నొక్కుతుంటే జాలే వేసింది. గుద్దుకున్నాక బ్రేకు తొక్కుతున్న మనిషి.

"ఇప్పుడు తీసెయ్," అన్నాడు మెల్లగా. "అక్క ఎక్కడన్నా ఉంటే ఉండనీ. బతకాలని వెళ్ళింది. బతకనీ. అమ్మని మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చోబెట్టకు."

ఆ మాటలో కొంత న్యాయం ఉంది. అందుకే నాకు భయం వేసింది. చేయి మౌసు మీదికి వెళ్ళింది. తొలగించు అనే మాట మీద బాణం గుర్తు పెట్టి చూశాను. గడియారం పదకొండూ నలభై. గాజు అవతల సారు తన మణికట్టు మీద వేలితో కొట్టి చూపించారు.

అప్పుడు కెటిల్ జవాబిచ్చింది.

"క్షమించాలి అమ్మా, పనిలో ఉన్నాను. నాది కుట్టుమిషన్లు బాగుచేసే షాపు. ఆవిడ ఈ వారం మా బోర్డు రాస్తున్నారు. తన ఫోటో తీయొద్దని ఒట్టు వేయించుకున్నారు. అందుకని బోర్డు మాత్రం తీశాను, ఇప్పుడే. చూడండి."

ఫోటో విచ్చుకోవడానికి రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లు నేను కళ్ళు మూసుకున్నాను.

నీలం బోర్డు. పైన ఎండ. ఎడమ పక్క సుద్దగీతలే, రంగు లేదు. కుడివైపు మాత్రం తెల్లరంగు తడిగా మెరుస్తోంది: 'తక్కువ సమయంలో బాగుచేయబడును' అనే వరుసలో మొదటి మాట ఇంకా సుద్దలోనే ఉంది, తక్కినవి రంగులో ఉన్నాయి. వెనకనుంచి ముందుకి. అక్షరాల మధ్య గాలి ఆడుతోంది.

బొమ్మలు అతికించడం నా వృత్తి కనుక, అతుకు ఉందేమోనని ముందు వెతికాను. ఇంత జరిగినా చెయ్యి ఆ పనే చేసింది. నిచ్చెన నీడ, గోడ మేకు నీడ, బోర్డు అంచు నీడ, అన్నీ ఒకే పక్కకి పడ్డాయి. వాటి మధ్య ఇంకో నీడ ఉంది. మనిషి నీడ. ఒక చేయి పైకెత్తి, ఆ చేతిలో కుంచె. మొహం దగ్గర నీడలో చిన్న వంపు, కళ్ళజోడు కాడ; అది ఈ ఆరేళ్ళలో వచ్చినట్టుంది. ఫోటో తీయొద్దని మనిషి పక్కకి తప్పుకుంది గానీ నీడని తీసుకెళ్ళడం మరిచిపోయింది.

ఇంకొంచెం పెద్దది చేశాను. 'సమయంలో' అన్న మాట దగ్గరకొచ్చాను. స, మ, య, లో, అన్నీ రంగుతో నిండుగా ఉన్నాయి. యకారం పక్కన సున్నా మాత్రం సుద్దగీతలోనే ఉంది. లోపల ఖాళీ.

నేను ఏడ్చాను. చప్పుడు లేకుండా కాదు, పైకే ఏడ్చాను. సారు గాజుగదిలోంచి లేచి నిలబడ్డారు.

"ఏంటది? ఏం పంపాడు?" బావ స్టూలు మీంచి లేచి నా కుర్చీ వెనక్కి వచ్చాడు. బోర్డు చూశాడు. ఆయనకి సుద్దగీతలూ సున్నాలూ తెలియవు. అక్క ఏ చివరనుంచి రాసేదో ఎప్పుడూ అడిగి ఉండడు. కానీ నీడ చూశాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

కింద మూడు చుక్కలు కదులుతున్నాయి. అవతల కెటిల్ ఇంకా ఏదో రాస్తోంది.

"మీ పోస్టు ఆవిడకి చూపించాను అమ్మా. చాలాసేపు చూశారు. నవ్వారు. ఇదెవరు చేశారో నాకు తెలుసు, ఆ నీడ చూడండి ఎంత బాగా వేసిందో, అన్నారు. మీకు ఒక మాట చెప్పమన్నారు. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: 'సున్నా, మచ్చ ఎందుకు చెరిపావే? నేనెప్పుడైనా నిన్ను ఏమన్నా అన్నానా?'"

ఆరేళ్ళ తర్వాత ఆ పిలుపు. చదవలేదు నేను, విన్నాను. నిచ్చెన మీంచి వినిపించినట్టే వినిపించింది.

అమ్మకి చెప్పాలి, పరుగెత్తాలి, ఏ ఊరో అడగాలి, ఏ బస్సో అడగాలి. గాజుగది తలుపు తెరుచుకుంది. "పన్నెండు కావస్తోందమ్మా," అన్నారు సారు, కాస్త తగ్గిన గొంతుతో. నేను చేయి అడ్డంగా ఊపాను. ఉద్యోగం పోతే పోనీ. ఆ పోస్టు తీయను.

మూడు చుక్కలు మళ్ళీ కదిలాయి.

"ఇంకొకటి కూడా చెప్పమన్నారు. మిమ్మల్ని రమ్మన్నారు. అమ్మగారిని తీసుకొచ్చినా సరేనన్నారు. కానీ ఈ ఊరి పేరు చెప్పేముందు మీరొక మాట ఇవ్వాలట. ఆవిడ బతికి ఉన్నారన్న సంగతి వాళ్ళాయనకి మాత్రం తెలియకూడదట. తెలిస్తే ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు అన్నారు. ఆ రోజు పొద్దున్న ఏం జరిగిందో..."

అక్కడికి తెర నిండిపోయింది. తక్కినది కిందుంది.

నేను కదల్లేదు. నా చెవి వెనక బావ ఊపిరి తగులుతోంది. ఆ పొద్దున తను లేచేసరికి అక్క ఇంట్లో లేదని ఇందాకే చెప్పాడు. ఆయన కుడికాలు ఇప్పుడు నేలని నొక్కడం లేదు.

నా భుజం మీదుగా చేయి చాపి, మౌసు మీదున్న నా చేతిపై తన చేయి వేశాడు.

"కిందికి జరుపు," అన్నాడు.